పొయ్యిలో కాళ్ళు పెట్టిన దెయ్యం వెనక మనిషి

మొన్న సెమిస్టర్ పరీక్షలు అయిపోయిన రాత్రి యాప్రాల్లో మా మేడ మీద తెల్ల దుప్పటి కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్‌తో 'జగన్మోహిని' వేసుకున్నాం. అందులో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఆ సీన్‌కి మేం ఆరుగురం నవ్విన నవ్వుకి పక్కింటి కుక్క కూడా లేచి మొరిగింది. తెల్లారేసరికి క్లబ్ గ్రూపులో నాలుగు లైన్ల రివ్యూ పెట్టేశాను. భయపెట్టడం చేతకాని హారర్ అని తేల్చేసి, పదికి ఒకటిన్నర వేశాను. లైకులు బాగానే వచ్చాయి.

మాతోపాటు కుర్చీ వేసుకుని చూసిన మా అమ్మమ్మ మాత్రం నవ్వలేదు, భయపడనూ లేదు. ముగ్గురు పిల్లల్ని పెట్టుకుని, తడి కట్టెలు ఊదలేక కళ్ళు మండే రోజుల్లో ఆ సినిమా చూసిందట. ఆ దెయ్యాన్ని చూస్తే అప్పట్లో కాస్త ఈర్ష్యగా అనిపించిందని చెప్పి, కిందికి వెళ్ళి పడుకుంది.

నా రివ్యూలో ఈ సంగతి లేదు. అసలు ఇలాంటి సంగతి ఒకటి ఉండొచ్చనే నాకు తట్టలేదు. అందుకే ఆ సినిమా తీసినాయన ఎవరో తెలుసుకోవడం మొదలుపెట్టాను.

బి. విఠలాచార్య 1920 జనవరి 28న ఉడుపి దగ్గర ఉద్యావరలో పుట్టారు. ఇంట్లో భాష తెలుగు కాదు. తండ్రి ఆయుర్వేద వైద్యుడు. పిల్లాడికి చదువు మూడో తరగతితో ఆగిపోయింది. తొమ్మిదేళ్ళ వయసులో ఇల్లు వదిలి అరసికెరె చేరాడు. మనం ఆ వయసులో స్కూల్ బస్సు మిస్సయితేనే ఏడ్చేవాళ్ళం. ఆయన దొరికిన పనల్లా చేసి, తర్వాత బంధువుల ఉడుపి హోటల్ కొని నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టయ్యారు. బయటికొచ్చాక హోటల్‌ని తమ్ముడికి అప్పగించి, స్నేహితులతో కలిసి టూరింగ్ టాకీస్ పెట్టారు.

టూరింగ్ టాకీస్ అంటే మనలో చాలామందికి తెలీదు. డేరా, ప్రొజెక్టర్, తెర అన్నీ బండికెత్తుకుని ఊరూరా తిరిగే సినిమా హాలు. జనం నేల మీదే కూర్చుంటారు. విఠలాచార్య తన డేరాలో ఆడిన ప్రతి సినిమా చూసేవారు. ఆయనకు ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అదే. అక్కడ తెర వైపు చూస్తే సినిమా ఎలా కడతారో తెలుస్తుంది. వెనక్కి తిరిగి జనం మొహాలు చూస్తే ఎక్కడ నోళ్ళు తెరుస్తున్నారో, ఎక్కడ బీడీ వెలిగించుకోడానికి లేస్తున్నారో కూడా తెలుస్తుంది. ఆ రెండో పాఠం ఏ సిలబస్‌లోనూ ఉండదు.

తర్వాత మైసూరులో డి. శంకర్‌సింగ్ వగైరాలతో కలిసి మహాత్మా పిక్చర్స్ పేరుతో కన్నడ సినిమాలు తీశారు. 1953లో విఠల్ ప్రొడక్షన్స్ అని సొంత సంస్థ పెట్టుకుని తానే డైరెక్టర్ అయ్యారు. 1955లో 'కన్యాదానం'తో తెలుగులోకి వచ్చి మద్రాసులో స్థిరపడ్డారు. నాకు ఆశ్చర్యం వేసిందేంటంటే, ఆయన తెలుగులో మొదలుపెట్టింది దెయ్యాలతో కాదు, సాంఘిక చిత్రాలతో. మాయలూ మంత్రాలూ 1960లో వచ్చిన 'కనకదుర్గ పూజామహిమ' దగ్గర ఊపందుకున్నాయి. కాంతారావు కత్తి, రాజనాల మాంత్రికం, గుహలు, పుర్రెలు అన్నీ ఒక వరసలో పడ్డాయి. 'నవగ్రహ పూజామహిమ', 'జ్వాలాద్వీప రహస్యం' లాంటివి వచ్చాయి. ఎన్టీఆర్‌తో 'బందిపోటు', 'అగ్గి పిడుగు', 'మంగమ్మ శపథం', 'లక్ష్మీ కటాక్షం' తీశారు. జనం ఆయన్ని జానపద బ్రహ్మ అన్నారు. 'బందిపోటు'కి ఘంటసాల, 'అగ్గి పిడుగు'కి రాజన్-నాగేంద్ర సంగీతం ఇచ్చారు. దెయ్యాల డైరెక్టర్ అని తోసేసే ముందు ఆ పాటలు ఒకసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

ఇప్పుడు మన సబ్జెక్టులోకి వద్దాం. అప్పట్లో మనిషిని మాయం చేయాలంటే కెమెరాని కదలకుండా బిగించాలి. షాట్ మధ్యలో ఆపి, మనిషిని పక్కకి పంపి, మళ్ళీ తిప్పాలి. 1890ల చివర్లో పారిస్‌లో జార్జ్ మెలియెస్ చేసిన ట్రిక్కే ఇది. ఒకే నటుణ్ణి ఫ్రేములో ఇద్దరిగా చూపాలంటే లెన్స్ సగం మూసి తీసి, అదే ఫిల్మ్‌ని వెనక్కి చుట్టి, రెండో సగం తెరిచి మళ్ళీ తీసేవారు. ఎంత చుట్టామో లెక్క తప్పితే షాట్ మొత్తం పోయినట్టే. ఎలా వచ్చిందో చూసుకోడానికి పక్కన మానిటర్ ఉండదు. ల్యాబ్‌లో ఫిల్మ్ కడిగాకే తెలుస్తుంది. అండూ లేదు, సేవ్ యాజ్ లేదు. ఇదంతా పెద్ద స్టార్లకు దొరికే బడ్జెట్లతో కాదు, తక్కువ ఖర్చుతో, తక్కువ రోజుల్లో అయిపోవాలి. సినిమావాళ్ళలో ఆయనకున్న మొదటి పేరు అదే.

ఆయన మీద ఒక కథ ఇప్పటికీ తిరుగుతుంది. నటుడెవరైనా డేట్లివ్వకుండా సతాయిస్తే, మాంత్రికుడి చేత శాపం పెట్టించి ఆ పాత్రని చిలకగా మార్చేసి, చిలకతోనే షూటింగ్ కానిచ్చేసేవారట. అది నిజమైనా, ఎవరో అల్లినదైనా, మనిషిని మాత్రం సరిగ్గా పట్టుకుంది. సమస్య వస్తే పని ఆపడు, సమస్యనే కథలో కలిపేస్తాడు.

1970లు వచ్చేసరికి కత్తి సినిమాల కాలం అయిపోయిందనుకున్నారు. 1978లో నరసింహరాజు, ప్రభ, జయమాలినితో 'జగన్మోహిని' తీశారు. ఇక్కడా, తమిళనాడులోనూ విరగబడి ఆడింది. 2009లో తమిళంలో మళ్ళీ తీశారు కూడా.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. 'జగన్మోహిని'లో ఆడవాళ్ళు రెండు రకాలే. ఒకరు కోరికలున్న పిశాచి, ఇంకొకరు అన్నీ ఓర్చుకునే ఇల్లాలు. ఆ మధ్యలో మగాడు ఏం చేసినా పెద్దగా లెక్క అప్పజెప్పక్కర్లేదు. జయమాలినిని కెమెరా చూసే చూపు గురించి కూడా మాట్లాడుకోవాల్సిందే. విజయం దొరికాక అదే అచ్చులో మోహినీలు వరసగా దిగాయి. 'నవమోహిని', 'మోహినీ శపథం' పేర్లు చూస్తేనే అర్థమవుతుంది. నా ఒకటిన్నర మార్కు రివ్యూ ఇవేవీ అడగలేదు. గ్రాఫిక్స్ చూసి నవ్వింది, అంతే.

1992లో రామ్‌గోపాల్ వర్మ 'రాత్రి' వచ్చింది. మన ఇంట్లోనే, మన పక్కనే ఏదో ఉందన్న భయం అది. విఠలాచార్య దెయ్యం అలా కాదు. అది తిరునాళ్ళలో దెయ్యం. పిల్లలు అమ్మ కొంగు పట్టుకుని చూసి, నవ్వి, ఇంటికెళ్ళి హాయిగా పడుకునే దెయ్యం. చేయి చాపితే చేయి సాగుతుంది, కట్టెలు లేకపోతే కాలు మండుతుంది. మనిషికి చేతకాని పని దానికి చేతనవుతుంది. 'రాత్రి' కొలబద్దతో 'జగన్మోహిని'ని కొలిస్తే తప్పు సినిమాది కాదు, కొలబద్దది.

విఠలాచార్య 1999 మే 28న కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 79 ఏళ్ళు. అప్పటికే 'అమ్మోరు'తో తెలుగు సినిమాలోకి కంప్యూటర్ గ్రాఫిక్స్ వచ్చేశాయి. ఆయన ఫిల్మ్ వెనక్కి చుట్టి చేసిన పనులు ఇప్పుడు మన ఫోన్లో ఒక్క వేలితో అయిపోతున్నాయి.

గ్రూపులో పెట్టిన రివ్యూ తీసేయలేదు. కిందే ఇది పెడుతున్నాను, రెండూ చదవండి. మార్కులు మాత్రం ఈసారి వేయలేదు. వచ్చే శనివారం మా మేడ మీద 'బందిపోటు'. అమ్మమ్మ ముందు వరసలో కూర్చుంటానంది.