వెయ్యిన్నొక్క నవలల కొవ్వలి

ప్రేమ నవల అనగానే మనలో చాలామందికి యద్దనపూడి సులోచనారాణి గుర్తొస్తారు. ఇంగ్లీషు మీడియం పిల్లలనడిగితే మిల్స్ అండ్ బూన్ అంటారు. యద్దనపూడి కథానాయకుడు కారు దిగి మన మనసుల్లో అడుగుపెట్టింది 1960లలో. అంతకు పాతికేళ్ళ పైన ముందే తెలుగు ఆడవాళ్ళ తలగడ కిందికి కథల పుస్తకాన్ని చేర్చిన మనిషి ఒకాయన ఉన్నారు. ఆయనే కొవ్వలి లక్ష్మీనరసింహారావు. ఒకప్పుడు ఊరూరా తెలిసిన పేరు. ఇప్పుడు మా పిల్లల నడిగితే అది ఊరి పేరా అంటున్నారు!

కొవ్వలి 1912లో తణుకులో పుట్టారు. 1935లో, ఇరవై మూడేళ్ళ వయసులో, పల్లెపడుచులు అనే నవలతో మొదలుపెట్టారు. ఇక ఆ కలం ఆగలేదు. 1975లో కన్నుమూసేనాటికి ఆయన రాసినవి వెయ్యిన్నొక్క నవలలని లెక్క. నలభై ఏళ్ళకూ పంచి చూడండి, ఏడాదికి 25, అంటే పక్షానికొకటి! ఇంటి పని తెముల్చుకుని రెండు నెలలకొక చిన్న కథ పూర్తిచేస్తే గొప్పనుకునే నాలాంటి దానికి ఆ లెక్క వింటేనే కళ్ళు తిరుగుతాయి.

రచయిత ఎంత రాసినా, అచ్చువేసి ఊళ్ళకు పంపేవాళ్ళు లేకపోతే ఏం లాభం? కొవ్వలికి రాజమండ్రిలో కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ దొరికారు. చిన్న పుస్తకం, అణాల్లో ధర. రైల్వే స్టేషన్లో కొని బండి ఎక్కితే దిగే ఊరు వచ్చేలోగా అయిపోయేది. అందుకే వాటికి రైలు నవలలని పేరు పడింది. ఆ కాలంలోనే జంపన చంద్రశేఖరరావు కూడా ఇలాంటి నవలలు జోరుగా రాశారు. కొవ్వలి, జంపన అని జంటగా చెప్పుకునేవారు.

తమాషా ఏమిటంటే, సరిగ్గా అదే దశకంలో లండన్లోనూ ఇలాంటిదే జరుగుతోంది. జెరాల్డ్ మిల్స్, చార్లెస్ బూన్ అనే ఇద్దరు 1908లో పెట్టిన ప్రచురణ సంస్థ మొదట అన్ని రకాల పుస్తకాలూ వేసేది. 1930లలో అది ప్రేమకథల మీదే నిలబడింది. అద్దె లైబ్రరీల్లో గోధుమరంగు అట్టల పుస్తకాలంటే అక్కడి ఆడవాళ్ళకు గుర్తు. రచయిత పేరు చూడక్కర్లేదు, అట్ట చూస్తే చాలు. మన దగ్గర మాత్రం తిరగేసి జరిగింది. అట్టతో పని లేదు, కొవ్వలి అన్న పేరే గుర్తు! అక్కడ ఎందరో రచయిత్రులు కలిసి నిలబెట్టిన వ్యాపారాన్ని ఇక్కడ ఒక్క మనిషి తన చేతివేళ్ళతో లాక్కొచ్చాడు.

ఈ పుస్తకాలు కోస్తా దాటి ఎంత దూరం వచ్చాయో మా అవ్వ వల్ల నాకు తెలిసింది. మాది గుడిబండ. కన్నడ సరిహద్దు. మాటల్లో సగం కన్నడం, సగం తెలుగు. రైలు చూడాలంటే హిందూపురం పోవాల్సిందే. అవ్వ చదివింది నాలుగో తరగతి. పెళ్ళయి వచ్చాక ఆమె చదవడానికి ఇంట్లో ఉన్నవి రామాయణమూ, పంచాంగమూ. హిందూపురం నుంచి ఎవరో బంధువు తెచ్చిన కొవ్వలి నవలను మధ్యాహ్నం రాగులు విసిరాక, మగవాళ్ళు చేనికి పోయాక తీసేదట. కూడబలుక్కుంటూ మొదలుపెట్టి, నాలుగైదు పుస్తకాలయ్యేసరికి గడగడా చదివేసిందట. పక్కింటి ఆడవాళ్ళకు చదివి వినిపించేదట కూడా.

1951 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద అక్షరం వచ్చిన ఆడవాళ్ళు నూటికి 9 మందే. బడి మానేశాక ఆ కాస్త అక్షరమూ చెదలు పట్టకుండా ఉండాలంటే రోజూ చదవాలనిపించేది ఒకటి చేతిలో ఉండాలి కదా! కొవ్వలి వాడిన భాష మనం ఇంట్లో మాట్లాడుకునే భాషకు దగ్గరగా ఉండేది. కథ ప్రేమదే అయినా అందులో కట్నాలూ, ముసలి మొగుళ్ళూ, చిన్న వయసులోనే భర్త పోయిన ఆడపిల్లల బతుకులూ వచ్చేవి. కందుకూరి వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు కూడా ఆ రాజమండ్రే. ఉపన్యాసం వినడానికి గడప దాటలేని ఆడవాళ్ళ దగ్గరికి ఆ మాటలు కథల రూపంలో వచ్చాయన్నమాట.

పేరు మద్రాసు దాకా పాకింది. కన్నాంబ, కడారు నాగభూషణం దంపతులు ఆయన్ను సినిమాకు పిలిచారు. 1941లో వచ్చిన తల్లిప్రేమకు కథ ఆయనదే. సినిమాల్లో పనిచేస్తూ కూడా నవల వదల్లేదు.

పండితులు మాత్రం ఆయన్ను పెద్దగా పట్టించుకోలేదు. సాహిత్య చరిత్రల్లో ఆయనకు దక్కిన చోటు కొంచెమే. పక్షానికొకటి రాస్తే అన్నీ ఒకే తీరుగా రావు, నిజమే. కొన్ని మలుపులు ముందే తెలిసిపోతాయి. కానీ మనం రోజూ చేసే వంట మాత్రం పండగ వంటలా ఉంటుందా? రోజూ పొయ్యి వెలిగింది కాబట్టే కదా ఇంటిల్లిపాదికీ ఆకలి తీరింది! తర్వాత ఎమెస్కో ఇంటింటా గ్రంథాలయం పేరుతో నవలలు పోస్టులో మన గుమ్మంలోకి వచ్చాయి. వారపత్రికల సీరియల్ కోసం ఆడవాళ్ళు ఎదురుచూశారు. ఆ చదివే అలవాటు ఆకాశం నుంచి ఊడిపడలేదు. దానికి నీళ్ళు పోసిన వాళ్ళలో కొవ్వలి ముందువరసలో ఉంటారు.

1975 జూన్‌లో ద్రాక్షారామంలో ఆయన కన్నుమూశారు. బాధేమిటంటే, వెయ్యి పైచిలుకు నవలల్లో ఇప్పుడు చేతికి దొరికేవి కొద్దే. పలచటి కాగితం, చవక అచ్చు. చేతులు మారి మారి నలిగాయి, చిరిగాయి, చిల్లరకొట్లో పొట్లాలయ్యాయి. మా అవ్వ దాచినవి కూడా ఒక్కటీ మిగల్లేదు. ఆడవాళ్ళు చదివే పుస్తకమే కదా, దాచేదేముందనుకున్నారు ఇంట్లోవాళ్ళు.

ఈసారి పుట్టింటికి వెళ్ళినప్పుడు అటక మీది ట్రంకుపెట్టె ఒకసారి దించి చూడండి. పాత పెళ్ళిపత్రికల మధ్య అట్టలేని నవల ఏదైనా కనబడితే పాత పేపర్ల వాడికి మాత్రం వెయ్యకండి. దుమ్ము దులిపి ఓ మధ్యాహ్నం చదవండి. మీ అవ్వ కూడా ఆ పేజీ దగ్గరే కాసేపు ఆగి ఉండొచ్చు.