టికెట్టు వెనుక డిస్నీ లెక్క

1961 నవంబరులో అమెరికా పర్యటనకు వెళ్లిన ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ కాలిఫోర్నియా రాష్ట్రంలోని అనహైమ్ పట్టణాన్ని సందర్శించారు. కుమార్తె ఇందిరాగాంధీ కూడా ఆయన వెంట ఉన్నారు. ఆరేళ్ల కిందట నారింజ తోటలు తొలగించి నిర్మించిన డిస్నీలాండ్ అనే వినోద ఉద్యానాన్ని వారు తిలకించారు. నిర్మాత వాల్ట్ డిస్నీ స్వయంగా వారి వెంట ఉన్నారు. అంతకు రెండేళ్ల ముందు, 1959లో, సోవియట్ అధినేత నికితా కృశ్చేవ్ ఇదే ఉద్యానాన్ని చూడగోరగా, భద్రతా కారణాలు చూపి అధికారులు ఆయనను అనుమతించలేదు. దేశాధినేతలు సైతం చూడాలని ముచ్చటపడిన ఆ స్థలానికి సామాన్య కుటుంబం మాత్రం టికెట్టు కొని వెళ్లవలసిందే. పెట్టిన ఖర్చుకు తగిన ప్రతిఫలం దక్కుతుందా అన్న ప్రశ్న డిస్నీలాండ్‌తో పాటే పుట్టింది. జవాబు కోసం ఆ ఉద్యానాన్ని కట్టిన మనిషి జీవితాన్ని ఒకసారి పరికించాలి.

కంచె ఇవతలి బాల్యం

వాల్టర్ ఎలియాస్ డిస్నీ 1901 డిసెంబరు 5న షికాగో నగరంలో జన్మించారు. తండ్రి ఎలియాస్ చేపట్టిన ఏ వ్యాపకమూ నిలదొక్కుకోలేదు. 1906లో కుటుంబం మిస్సోరీ రాష్ట్రంలోని మార్సెలిన్ అనే చిన్న ఊరికి తరలి వ్యవసాయం చేసింది. ఆ ఊరి వీధి, రైలుబండి, పొలాలు బాలుడి మనసులో చెరగని ముద్ర వేశాయి. సేద్యం కలిసిరాక 1911లో వారు కాన్సాస్ సిటీకి చేరారు. అక్కడ తండ్రి దినపత్రికల పంపిణీ హక్కు కొన్నారు. తొమ్మిదేళ్ల వాల్ట్, అన్న రాయ్ తెల్లవారకముందే లేచి, మంచు కురుస్తున్నా ఇంటింటికీ పత్రికలు వేసేవారు. తిండి, బట్ట ఇస్తున్నందున కుమారులకు వేరే కూలి అవసరం లేదని తండ్రి భావించారు.

వారి ఇంటికి కొద్ది దూరంలోనే ఒక వినోద ఉద్యానం ఉండేది. వాల్ట్, అతని చెల్లెలు రూత్ లోపలికి వెళ్లే స్తోమత లేక కంచె బయట నిలబడి దానిని చూసేవారని ఆయన జీవిత చరిత్రకారులు రాశారు. తరువాతి కాలంలో ప్రపంచంలోకెల్లా ప్రసిద్ధమైన ప్రవేశ ద్వారాన్ని నిలబెట్టి రుసుం వసూలు చేసిన వ్యక్తి బాల్యంలో అలాంటి ద్వారం వెలుపలే నిలిచిపోయాడన్న సంగతి గుర్తుంచుకోదగినది.

అప్పులు, అద్భుతాలు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఫ్రాన్సులో రెడ్‌క్రాస్ అంబులెన్సు నడిపిన వాల్ట్, తిరిగివచ్చి కాన్సాస్ సిటీలో కార్టూన్ చిత్రాల సంస్థను ప్రారంభించారు. అది 1923లో దివాళా తీసింది. దాదాపు రిక్తహస్తాలతో హాలీవుడ్ చేరి, అన్న రాయ్‌తో కలిసి కొత్త స్టూడియో నెలకొల్పారు. చిత్రాలు ఎలా ఉండాలో తమ్ముడు చూసుకుంటే, డబ్బు ఎక్కడి నుంచి రావాలో అన్న చూసుకునేవారు. ఈ శ్రమ విభజన జీవితాంతం కొనసాగింది.

1928లో వారికి గట్టి దెబ్బ తగిలింది. వారు సృష్టించిన ఆస్వాల్డ్ అనే కుందేలు పాత్రపై హక్కులు పంపిణీదారుల పక్షానే ఉన్నట్లు తేలింది. చిత్రకారులలో అధికభాగం కూడా అటే వెళ్లిపోయారు. తాను సృష్టించిన దానిపై హక్కు తన చేతిలోనే ఉండాలని వాల్ట్ ఆనాడే నిశ్చయించుకున్నారు. ఆ పట్టుదల నుంచే మిక్కీ మౌస్ పుట్టింది. 1928 నవంబరు 18న విడుదలైన స్టీమ్‌బోట్ విల్లీ చిత్రం మిక్కీని లోకప్రసిద్ధం చేసింది. 1937 డిసెంబరులో వచ్చిన స్నోవైట్ చిత్రానికి సుమారు 15 లక్షల డాలర్లు ఖర్చయింది. పరిశ్రమలో పలువురు దానిని పిచ్చి సాహసంగా ఎగతాళి చేశారు. చిత్రం ఘనవిజయం సాధించింది.

అయితే ఆయన జీవితంలో మరకలు లేకపోలేదు. 1941లో స్టూడియో కార్మికులు సంఘం గుర్తింపు కోసం సమ్మె చేయగా, దానిని ఆయన వ్యక్తిగత ద్రోహంగా పరిగణించారు. 1947లో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ ఎదుట సాక్ష్యమిస్తూ సమ్మె నాయకులకు కమ్యూనిస్టు ముద్ర వేశారు. పిల్లలకు నవ్వులు పంచిన మనిషి, వేతన జీవుల ఆవేదన విషయంలో అంతటి ఔదార్యం చూపలేదు.

బెంచీపై పుట్టిన ఆలోచన

లాస్ ఏంజిలిస్‌లోని గ్రిఫిత్ పార్కుకు వాల్ట్ తన ఇద్దరు కుమార్తెలను తీసుకువెళ్లేవారు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తండ్రి బెంచీపై ఒంటరిగా కూర్చునేవారు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన అక్కడే మొలకెత్తింది. నాటి అమెరికా వినోద స్థలాలు చాలావరకు మురికిగా, మద్యం వాసనతో, మర్యాదస్థులు కుటుంబంతో వెళ్లడానికి జంకేలా ఉండేవి. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని టివోలీ తోటల శుభ్రత, దీపాల అలంకరణ ఆయనను ఆకట్టుకున్నాయి.

ఆ ఆలోచనను అన్న రాయ్ మొదట ఆదరించలేదు. స్టూడియో నెత్తిన అప్పులున్నాయి. దాంతో వాల్ట్ తన జీవిత బీమా పాలసీపై అప్పు తెచ్చారు, పామ్ స్ప్రింగ్స్‌లోని ఇల్లు అమ్మారు. 1952లో సొంతంగా ఒక రూపకల్పన సంస్థను ఏర్పాటు చేసుకున్నారు. 1953లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థ నిపుణులు అనేక ప్రాంతాలు పరిశీలించి అనహైమ్‌లో 160 ఎకరాలను సూచించారు. అదే సంవత్సరం షికాగోలో పేరుమోసిన వినోద ఉద్యానాల యజమానులకు పథకాన్ని వివరించగా వారు పెదవి విరిచారు. ఒకే ప్రవేశ ద్వారం, డబ్బు రాబట్టని కోటలు, తోటలు, మద్యం లేని పార్కు వ్యాపారాన్ని ముంచుతాయని వారి అభిప్రాయం.

చివరకు అండగా నిలిచింది కొత్తగా ఎదుగుతున్న టెలివిజన్ రంగం. ఏబీసీ సంస్థ 5 లక్షల డాలర్లు పెట్టుబడి పెట్టి, 45 లక్షల డాలర్ల వరకు రుణాలకు హామీ ఇచ్చింది. ప్రతిగా ఉద్యానంలో మూడోవంతుకు పైగా వాటా పొందింది. వాల్ట్ దానికోసం వారం వారం ఒక కార్యక్రమం తయారు చేసి ఇచ్చారు. ఆ కార్యక్రమం 1954 అక్టోబరులో మొదలైంది. రాబోయే ఉద్యానానికి అది ప్రతివారం జరిగే ప్రచారంగా కూడా పనిచేసింది.

ఒక డాలరు ద్వారం

సుమారు 1.7 కోట్ల డాలర్ల వ్యయంతో, ఏడాది కాలంలోనే నిర్మించిన డిస్నీలాండ్ 1955 జులై 17న ఆరంభమైంది. ప్రత్యక్ష ప్రసారాన్ని నడిపిన ముగ్గురు వ్యాఖ్యాతలలో ఒకరు తరువాత అమెరికా అధ్యక్షుడైన రొనాల్డ్ రీగన్. ఆహ్వానితులకే ప్రవేశం అనుకున్నా, దొంగ టికెట్లతో జనం విరగబడ్డారు. ఎండ మండిపోయింది. కొత్తగా పోసిన తారు మెత్తబడి మహిళల చెప్పుల మడమలు దిగబడ్డాయి. ప్లంబర్ల సమ్మె వల్ల పనులు వెనుకబడగా, మరుగుదొడ్లకు ప్రాధాన్యమిచ్చి తాగునీటి కుళాయిలను కొంత వదిలివేశారు. శీతల పానీయాలు అమ్ముకోవడానికే నీళ్లు లేకుండా చేశారని విమర్శలు వచ్చాయి. ధరకు తగిన విలువ లేదన్న తొలి ఫిర్యాదులలో ఇదొకటి.

మర్నాడు ప్రజలను అనుమతించారు. ప్రవేశ రుసుం పెద్దలకు ఒక డాలరు, పిల్లలకు 50 సెంట్లు. లోపల ఎక్కే ప్రతి వాహనానికి, ఆటకు విడిగా చెల్లించాలి. అప్పట్లో అమెరికా సమాఖ్య కనీస వేతనం గంటకు 75 సెంట్లు. అంటే దంపతులు, ఇద్దరు పిల్లలు లోపల కాలు పెట్టడానికే నాలుగు గంటల కనీస కూలి ఖర్చయ్యేది. ప్రవేశానికి డబ్బు తీసుకోవడాన్ని తప్పుపట్టినవారికి వాల్ట్ వివరణ సిద్ధంగా ఉంది. రుసుం ఉంటేనే అల్లరి మూకలు దూరంగా ఉంటాయని, వచ్చినవారు ఆ స్థలాన్ని గౌరవిస్తారని ఆయన నమ్మారు.

చిల్లర చెల్లింపులతో విసుగు చెందిన సందర్శకుల కోసం అదే ఏడాది అక్టోబరులో కూపన్ల పుస్తకం ప్రవేశపెట్టారు. రెండున్నర డాలర్లకు ప్రవేశంతోపాటు ఎనిమిది ఆటలు లభించేవి. గిరాకీని బట్టి ఆటలను ఏ, బీ, సీ తరగతులుగా విభజించారు. 1956లో డీ, 1959లో ఈ తరగతి చేరాయి. గిరాకీ ఎక్కువున్న ఆటకు ఎక్కువ ధర, తక్కువున్నదానికి తక్కువ ధర అన్న ఆర్థిక సూత్రాన్ని పిల్లలకు సైతం అర్థమయ్యే రీతిలో అమలు చేసిన పద్ధతి అది.

సందర్శకుడు అసలు దేనికి చెల్లించాడన్నదే ఇక్కడ ముఖ్యం. రంగులరాట్నాలు ఊరి తిరునాళ్లలోనూ ఉంటాయి. డిస్నీ అమ్మినది ఆ రాట్నం చుట్టూ ఉన్న వాతావరణాన్ని. బయటి లోకం కంటపడకుండా చుట్టూ ఎత్తుగా మట్టికట్ట పోయించారు. చెత్త నేలపై నిలవకుండా ఊడ్చే సిబ్బందిని నియమించారు. ఉద్యోగులకు మర్యాదగా మెలిగే శిక్షణ ఇప్పించారు. డబ్బు తెచ్చిపెట్టని చెట్లపై, బెంచీలపై ధారాళంగా ఖర్చు చేశారు. అగ్నిమాపక కేంద్రం పైఅంతస్తులో చిన్న నివాసం ఏర్పరచుకుని, జనం మధ్య తిరుగుతూ లోపాలు గమనించేవారు.

ప్రజలు తీర్పు ఇచ్చారు. తొలి ఏడు వారాలలోనే పది లక్షల మంది వచ్చారు. 1960లో ఏబీసీ వాటాను డిస్నీ సోదరులు 75 లక్షల డాలర్లకు తిరిగి కొన్నారు. 5 లక్షల పెట్టుబడి అయిదారేళ్లలో అంతగా పెరిగింది.

ఆయన అనంతరం

అనహైమ్‌లో ఒక చేదు అనుభవం మిగిలింది. ఉద్యానం చుట్టూ ఇతరులు హోటళ్లు కట్టి లాభపడ్డారు. అందుకే ఫ్లోరిడాలో మారుపేర్ల కంపెనీల ద్వారా రహస్యంగా సుమారు 27,000 ఎకరాలు కొనిపించి, 1965 నవంబరులో విషయం ప్రకటించారు. అక్కడ ఆదర్శ నగరం నిర్మించాలన్నది ఆయన కల. అది నెరవేరకుండానే 1966 డిసెంబరు 15న, 65వ ఏట, ఊపిరితిత్తుల క్యాన్సర్ వ్యాధితో మరణించారు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో రాయ్ ఆ భారం మోసి, 1971 అక్టోబరు 1న తమ్ముడి పేరు కలిపి వాల్ట్ డిస్నీ వరల్డ్‌ను ప్రారంభింపజేశారు. అదే ఏడాది డిసెంబరులో ఆయనా కన్నుమూశారు.

వ్యవస్థాపకులు పోయాక లెక్కలు మారాయి. 1982లో కూపన్లు రద్దయి, అన్ని ఆటలకూ ఒకే టికెట్టు వచ్చింది. 2016లో రద్దీని బట్టి ధర మార్చే విధానం వచ్చింది. 1999 నుంచి వరుసలో వేచి ఉండే సమయం తగ్గించేందుకు ఉచితంగా ఉన్న సదుపాయం స్థానంలో 2021లో రుసుం చెల్లించవలసిన పద్ధతి వచ్చింది. 2024లో కాలిఫోర్నియా ఉద్యానంలో పెద్దలకు ఒకరోజు టికెట్టు కనిష్ఠంగా 104 డాలర్లు కాగా, రద్దీ రోజులలో 200 డాలర్లు దాటింది. 1955 నాటి రెండున్నర డాలర్ల కూపన్ పుస్తకం ద్రవ్యోల్బణాన్ని కలిపి చూస్తే 2024లో సుమారు 29 డాలర్లకు సమానం. ఆనాడు ఆ పుస్తకానికి మూడు గంటల ఇరవై నిమిషాల కనీస కూలి సరిపోయేది. 2024లో కాలిఫోర్నియా కనీస వేతనం గంటకు 16 డాలర్లు. దాని ప్రకారం చవకైన టికెట్టుకే ఆరున్నర గంటలు, ఖరీదైన దానికి సుమారు పదమూడు గంటలు పనిచేయాలి. ఆటల సంఖ్యపై పరిమితి తొలగిన మాట నిజం. అయినా కూలివాడి గడియారం ప్రకారం ధర రెండు నుంచి నాలుగు రెట్లయింది.

మన దేశంలో

నెహ్రూ, ఇందిర తిలకించిన ఆ ఒరవడి ఆసియాకూ విస్తరించింది. డిస్నీ ఉద్యానాలు టోక్యో, హాంకాంగ్, షాంఘై నగరాలలో వెలిశాయి గానీ, భారతదేశానికి రాలేదు. దేశంలో తొలి ఆధునిక వినోద ఉద్యానంగా పేరొందిన అప్పూఘర్ 1984 నవంబరు 19న, ఇందిరాగాంధీ హత్య జరిగిన కొద్దిరోజులకు, ఆమె జయంతి నాడే ఢిల్లీలో ప్రారంభమైంది. 2008లో అది మూతపడింది. 1989లో ముంబయిలో ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. హైదరాబాద్ శివార్లలో 1996లో ఏర్పాటైన రామోజీ ఫిల్మ్‌సిటీ చిత్ర నిర్మాణాన్నీ, పర్యాటకాన్నీ జోడించి, అనేక కోణాలలో డిస్నీ ఆలోచననే తలపించింది. పన్ను విషయంలోనూ ఇదే చర్చ జరిగింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు వినోద ఉద్యానాల ప్రవేశంపై 28 శాతం విధించారు. అది సామాన్య కుటుంబాల విహారమన్న వాదన బలపడి, 2018 జనవరిలో 18 శాతానికి తగ్గించారు.

టికెట్టు ఖరీదుకు తగిన విలువ ఉందా లేదా అన్నది లోపలికి వెళ్లగలిగినవారు వేసుకునే ప్రశ్న. శుభ్రత, భద్రత, మర్యాద, తల్లిదండ్రులూ పిల్లలూ ఒకేచోట గడిపే రోజు లభిస్తే చాలామంది ఆ ఖర్చును నష్టంగా భావించరని డిస్నీ నిరూపించారు. ఆ నాలుగింటిలో ఏ ఒక్కటి కొరవడినా చవక టికెట్టు కూడా దండగే. అయితే ధర పెరిగిన కొద్దీ లోపలికి వెళ్లలేనివారూ పెరుగుతారు. వేకువనే పత్రికలు పంచి, చేతిలో కూలి డబ్బు లేక కాన్సాస్ సిటీ కంచె బయట నిలబడిన పిల్లవాడి వంటివారు నేడు ఎందరు ద్వారం వెలుపల ఉండిపోతున్నారో కూడా ఈ వ్యాపారం నడిపేవారు లెక్క చూసుకోవాలి.