మాక్స్ థైలర్

మాక్స్ థైలర్ (జనవరి 30, 1899 - ఆగష్టు 11, 1972) దక్షిణాఫ్రికాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన సుప్రసిద్ధ వైరస్ శాస్త్రవేత్త. కోతుల నుండి దోమల ద్వారా మనుషులకు సోకి కాలేయాన్ని దెబ్బతీసే ఎల్లో ఫీవర్ (పచ్చజ్వరం) వ్యాధికి 17డి అనే టీకాను రూపొందించినందుకు ఈయనకు 1951లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆఫ్రికా ఖండంలో పుట్టి నోబెల్ బహుమతి అందుకొన్న మొట్టమొదటి వ్యక్తి ఈయనే. ఇంతటి వైద్య శాస్త్రవేత్తకు ఎం.డి. పట్టా లేకపోవడం విశేషం.

బాల్యం, విద్యాభ్యాసం

థైలర్ ప్రిటోరియా నగరంలో జన్మించాడు. నలుగురు సంతానంలో ఇతడు చివరివాడు. తండ్రి ఆర్నాల్డ్ థైలర్ స్విట్జర్లాండు నుండి వలస వచ్చిన పశువైద్యుడు, 1908లో ప్రిటోరియా సమీపాన స్థాపించబడిన ఆండర్‌స్టెపూర్ట్ పశువైద్య పరిశోధనాలయానికి మూలపురుషుడు. గుర్రాలకు వచ్చే ఒక ప్రాణాంతక రోగాన్ని నివారించడానికి ఆర్నాల్డ్ వాటికి వైరస్‌తో పాటు గుర్రపు సీరమును కూడా ఎక్కించేవాడు. అలా ఎక్కించిన గుర్రాలలో కొన్ని కొద్ది వారాల తరువాత కాలేయం చెడి చనిపోవడాన్ని గమనించి, 1919 ప్రాంతంలో ఆ సంగతిని గ్రంథస్థం చేసాడు. పశువైద్యంలో నేటికీ ఆ జబ్బును థైలర్ వ్యాధి అంటారు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, కొడుకు చరిత్రలో ఇది మరొక రూపంలో తిరిగి కనిపిస్తుంది.

కేప్‌టౌన్ విశ్వవిద్యాలయంలో ప్రాథమిక వైద్యవిద్య ముగించుకొని థైలర్ 1919లో లండన్ వెళ్ళాడు. కేప్‌టౌన్‌లో చదివిన చదువును లండన్ విశ్వవిద్యాలయం గుర్తించలేదు. అందువలన సెయింట్ థామస్ ఆసుపత్రి వైద్య కళాశాలలో చదివి, 1922లో వైద్యవృత్తికి అర్హతనిచ్చే డిప్లొమాలు మాత్రమే పొందాడు. తరువాత ఉష్ణమండల వ్యాధులపై ఒక కోర్సు పూర్తిచేసి, అదే సంవత్సరం అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో ఉద్యోగంలో చేరాడు.

ఎల్లో ఫీవర్ పరిశోధనలు

ఎల్లో ఫీవర్ దోమకాటు వలన వ్యాపిస్తుందని 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం నిరూపించింది. కానీ వ్యాధికి మూలమైన క్రిమి ఏదో తేలలేదు. లెప్టోస్పైరా జాతి బాక్టీరియానే కారణమని జపాను శాస్త్రవేత్త హిడెయో నొగుచి ప్రకటించగా, చాలామంది నమ్మారు. నొగుచి చూపిన క్రిమి వేరొక కామెర్ల వ్యాధికి (వైల్ వ్యాధి) చెందినదేనని హార్వర్డ్‌లో థైలర్, ఆయన పై అధికారి ఆండ్రూ సెల్లార్డ్స్ కలిసి తేల్చారు.

1927లో పశ్చిమ ఆఫ్రికాలోని గోల్డ్ కోస్ట్ (నేటి ఘనా)లో అసిబి అనే 28 ఏళ్ళ రోగి రక్తాన్ని ఆసియాకు చెందిన రీసస్ కోతికి ఎక్కించగా దానికి జబ్బు వచ్చింది. కారణం వైరస్ అని అప్పుడు స్పష్టమయింది. అసిబి కోలుకొన్నాడు గానీ, ఆ పరిశోధనలో పాల్గొన్న ఏడ్రియన్ స్టోక్స్ అదే సంవత్సరం ఎల్లో ఫీవర్‌తో మరణించాడు. తన సిద్ధాంతాన్ని నిలబెట్టుకోవడానికి ఆఫ్రికా వెళ్ళిన నొగుచి 1928 మే నెలలో ఆక్రాలో అదే వ్యాధికి బలయ్యాడు. ఈ వైరస్‌తో పనిచేయడమంటే అంత ప్రమాదం. థైలర్‌కు కూడా 1929లో ప్రయోగశాలలోనే ఈ జ్వరం సోకింది. అదృష్టవశాత్తూ కోలుకొన్నాడు, దానితో జీవితాంతం రోగనిరోధక శక్తి లభించింది.

కోతులు ఖరీదైనవి, వాటిని పెంచడం కష్టం. మామూలు తెల్ల ఎలుకలు వాడవచ్చునా అని థైలర్ ఆలోచించాడు. చర్మం క్రింద వైరస్ ఎక్కిస్తే ఎలుకలకు ఏమీ కాలేదు. నేరుగా మెదడులోకి ఎక్కిస్తే మెదడువాపుతో చనిపోయాయి. ఇలా ఎలుక నుండి ఎలుకకు మారుస్తూ పోగా, ఎలుకలకు ఆ వైరస్ మరింత ప్రాణాంతకంగా మారింది, కోతుల కాలేయాన్ని దెబ్బతీసే గుణం మాత్రం తగ్గిపోయింది. 1930లో ప్రచురించిన ఈ ఫలితమే తరువాతి కృషికంతటికీ పునాది.

అదే సంవత్సరం న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ ప్రయోగశాలలో చేరాడు. అక్కడ ఎలుకలతో ఒక పరీక్షను రూపొందించాడు. మనిషి సీరమును వైరస్‌తో కలిపి ఎలుకకు ఎక్కించినపుడు ఎలుక బ్రతికితే, ఆ మనిషికి గతంలో ఎల్లో ఫీవర్ వచ్చి పోయిందని అర్థం. ఈ పరీక్ష వలన ప్రపంచంలో ఈ వ్యాధి ఎక్కడెక్కడ ఉన్నదో తెలిసింది. ఆసియాలో లేదని కూడా తేలింది. బ్రెజిల్ అడవులలో కోతుల మధ్య ఈ వైరస్ నిరంతరం తిరుగుతూ ఉంటుందని 1930లలోనే బయటపడింది. పట్టణాలలో దోమలను నిర్మూలించినంత మాత్రాన ఈ వ్యాధి అంతరించదని, టీకా తప్పనిసరి అని అప్పుడు అర్థమయింది.

17డి టీకా

ఎలుక మెదడులో పెంచిన వైరస్‌తో టీకా వేస్తే మెదడువాపు వచ్చే ప్రమాదం ఉండేది. అందుచేత థైలర్ బృందం అసిబి రక్తం నుండి వచ్చిన వైరస్‌ను మొదట ఎలుక పిండం కణాలలో, తరువాత కోడిపిల్ల పిండం కణాలలో, చివరకు మెదడు, వెన్నుపాము తీసివేసిన కోడిపిల్ల పిండం కణాలలో వందలసార్లు పెంచుతూ పోయింది. 89వ, 114వ పెంపకాల మధ్య ఎక్కడో వైరస్ స్వభావం మారిపోయింది. కోతులకు ఎక్కించినా కాలేయాన్ని గానీ మెదడును గానీ తీవ్రంగా దెబ్బతీయక, రోగనిరోధక శక్తిని మాత్రం కలిగించింది. నరాల కణజాలం తొలగించడం వలననే ఇలా జరిగిందని మొదట భావించారు. కానీ అదే పద్ధతిని మళ్ళీ చేసి చూస్తే ఆ ఫలితం రాలేదు. అంటే అది యాదృచ్ఛికంగా వచ్చిన ఉత్పరివర్తనం, దానిని గుర్తించి చేజారనివ్వకపోవడమే థైలర్, ఆయన సహచరుడు హ్యూ స్మిత్‌ల గొప్పతనం. 1937లో వీరు ఈ ఫలితాలను ప్రకటించారు.

అదే సంవత్సరం బ్రెజిల్‌లో స్మిత్ ఆధ్వర్యంలో టీకాలు వేయడం మొదలై, రెండేళ్ళలో పది లక్షలమందికి పైగా టీకా అందింది. 1941లో అక్కడ కొన్ని విడతల టీకా వలన మెదడువాపు కేసులు వచ్చాయి. వైరస్‌ను పరిమితి లేకుండా పెంచుతూ పోవడమే దీనికి కారణమని గ్రహించి, ఒకే మూల నిల్వ నుండి టీకా తయారుచేసే పద్ధతి ప్రవేశపెట్టారు.

1942 నాటి కామెర్లు

టీకాలో వైరస్ పాడవకుండా మనుషుల రక్తపు సీరమును కలిపేవారు. టీకా వేసుకొన్నవారిలో కొందరికి కామెర్లు వస్తున్నాయని 1937లోనే ఇంగ్లాండు శాస్త్రవేత్తలు తెలిపారు, బ్రెజిల్‌లో కూడా అదే కనిపించగా అక్కడ సీరమును మానివేసారు. అమెరికాలో మానలేదు. ఫలితంగా 1942లో టీకా వేసుకొన్న అమెరికా సైనికులలో సుమారు 50,000 మంది కామెర్లతో మంచం పట్టారు. సీరము ఇచ్చిన రక్తదాతలలో కొందరికి గతంలో కామెర్లు వచ్చి ఉన్నాయి. ఆ సంవత్సరమే సీరము లేని టీకా తయారీకి మారారు. కారణం హెపటైటిస్ బి వైరస్ అని 1987లో నాటి సైనికుల రక్తాన్ని పరీక్షించి నిర్ధారించారు. టీకాలోని ఎల్లో ఫీవర్ వైరస్‌ది ఇందులో తప్పేమీ లేదు. టీకాలో సీరము వాడాలన్న నిర్ణయం కూడా థైలర్ ఒక్కడిది కాదు. అయినా తండ్రి గుర్రాలలో చూసి వ్రాసిపెట్టిన విపత్తే మనుషులలో జరిగింది. గుర్రాల జబ్బుకు సంబంధించి ఒక పార్వోవైరస్ 2018లో బయటపడింది.

నోబెల్ బహుమతి, తరువాతి జీవితం

థైలర్‌కు 1949లో లాస్కర్ పురస్కారం, 1951లో మరెవరితోనూ పంచుకోకుండా నోబెల్ బహుమతి లభించాయి. ఎలుకలలో పక్షవాతం కలిగించే మరొక వైరస్‌ను కూడా ఈయన 1930లలో కనుగొన్నాడు. నరాల వ్యాధుల పరిశోధనలో దానిని నేటికీ వాడుతున్నారు. 1964లో యేల్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా చేరి 1967లో పదవీ విరమణ చేసాడు. 1928లో లిలియన్ గ్రాహంను వివాహమాడాడు, వీరికి ఒక కుమార్తె. 1972లో న్యూ హేవెన్ పట్టణంలో ఊపిరితిత్తుల క్యాన్సరుతో మరణించాడు.

17డి వైరస్ జన్యుక్రమాన్ని 1985లో ఛార్లెస్ రైస్ బృందం వెల్లడించింది. ఇదే రైస్ అదే కుటుంబానికి చెందిన హెపటైటిస్ సి వైరస్‌పై చేసిన కృషికి 2020లో నోబెల్ బహుమతి పొందాడు. ఇప్పటివరకు 60 కోట్లకు పైగా మోతాదుల 17డి టీకా వేసారు. 2016 జులై నుండి ఒక్కసారి వేసుకొన్న టీకా ధ్రువపత్రం జీవితాంతం చెల్లుతున్నది. భారతదేశంలో ఈ వ్యాధి లేకపోయినా దానిని మోసే ఏడిస్ దోమ ఉన్నందున, వ్యాధి ఉన్న ఆఫ్రికా, దక్షిణ అమెరికా దేశాల నుండి వచ్చేవారు ఈ ధ్రువపత్రం చూపాలి. ఆ దేశాలకు ఉద్యోగాల కోసం వెళ్ళే తెలుగువారు కూడా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఇదే టీకా వేయించుకొంటారు.