డోలీ మోసిన బారిస్టరు

తార్నాక చౌరస్తాలో కొద్దిసేపు నిలబడిన వారికెవరికైనా ఒక దృశ్యం సుపరిచితమే. ఒక దారి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలోకి, ఒకటి మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదుకు, మరొకటి హబ్సిగూడ మీదుగా ఉప్పల్‌కు, ఇంకొకటి లాలాపేటకు సాగిపోయే ఆ కూడలిలో అంబులెన్సు కూత వినవచ్చినంతనే బస్సులూ ఆటోలూ పక్కకు ఒదిగి దారి ఇస్తాయి. ఆ బండి తరచు చిలకలగూడ దిక్కుగా మళ్లి గాంధీ ఆస్పత్రి చేరుకుంటుంది. మహాపురుషుని మీద గౌరవంతో ఆస్పత్రికి పెట్టుకున్న పేరు అని మాత్రమే మనం అనుకుంటాం. ఆ పేరు గల మనిషి తానే ఒకప్పుడు యుద్ధభూమిలో క్షతగాత్రులను మోసినవాడని, ప్రథమ చికిత్సను గురువు వద్ద శ్రద్ధగా నేర్చినవాడని మనలో కొద్దిమందికే తెలుసు.

2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అత్యవసర వైద్య సేవ ప్రారంభమైన నాటి నుండి మన యువతీయువకుల ముందు ఒక కొత్త వృత్తి నిలిచింది. ప్రమాదస్థలంలో రక్తస్రావాన్ని అరికట్టడం, విరిగిన ఎముకకు బద్దలు కట్టడం, ఊపిరి ఆగకుండా చూడడం, దారిలోనే కాన్పు వస్తే తల్లీబిడ్డలను కాపాడడం ఆ వృత్తి ధర్మాలు. డిగ్రీ చదివిన కుమారుడో కుమార్తెయో ఈ పనిలో చేరతామంటే ఇంటి పెద్దలు సంకోచించడం కద్దు. ఇంత చదువూ చదివి స్ట్రెచర్లు మోయడమా అన్నది వారి బాధ. లండనులో బారిస్టరై, చక్కని ఆదాయం గల వృత్తి నడుపుతూ, ముప్పయ్యేళ్ల వయస్సులో ఆ స్ట్రెచర్లనే భుజానికెత్తుకున్న మోహన్‌దాస్ కరంచంద్ గాంధీ జీవితంలోని ఈ భాగం అట్టి పెద్దలూ పిన్నలూ కూడా తెలుసుకోదగినది.

ఆయన 1869 అక్టోబరు 2న పోర్‌బందరులో జన్మించారు. తండ్రి కరంచంద్ గాంధీ దివాను పదవి నిర్వహించినవారు. ఆ తండ్రి భగందర వ్యాధితో మంచం పట్టినప్పుడు బడి చదువులో ఉన్న ఈ బాలుడే గాయానికి కట్టు కట్టేవాడు, మందులు నూరి ఇచ్చేవాడు, ప్రతి రాత్రి కాళ్లు పిసికేవాడు. 1885లో తండ్రి కన్నుమూసిన ఘడియలో మాత్రం తాను పక్కన లేకపోయాడు. కొద్ది నిమిషాల ముందే సేవను పినతండ్రికి అప్పగించి తన గదికి వెళ్లాడు. ఆ కొద్ది నిమిషాల ఎడబాటు ఆయనను జీవితాంతం బాధించింది. రోగి పక్కన ఉండవలసిన క్షణంలో ఉండడమంటే ఏమిటో ఆయనకు పదహారవ ఏటనే తెలిసింది.

పై చదువుల ప్రస్తావన వచ్చినప్పుడు వైద్యవిద్య అభ్యసించాలని ఆయనకు కోరిక కలిగింది. శవాలను కోసే చదువు వైష్ణవ కుటుంబానికి తగదని తండ్రి భావించేవారని అన్నగారు గుర్తు చేయగా ఆ కోరిక అక్కడే ఆగిపోయింది. 1888లో న్యాయశాస్త్రం చదవడానికి ఇంగ్లండుకు ఓడ ఎక్కి, 1891లో బారిస్టరై తిరిగి వచ్చారు. స్వదేశంలో వకాల్తా అంతగా సాగలేదు. 1893లో దాదా అబ్దుల్లా అనే ముస్లిం వర్తకుని సంస్థ తమ దావా పని మీద ఆయనను దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పిలిపించుకున్నది. ఒక్క ఏడాది పనికని వెళ్లిన ఆ యువకుడు రెండు దశాబ్దాల పైచిలుకు అక్కడి భారతీయుల సేవలో గడిపారు.

డర్బనులో ఆయన వృత్తి బాగా సాగుతున్న రోజులలో ఒక కుష్ఠురోగి ఇంటి గుమ్మం వద్దకు వచ్చాడు. భిక్ష వేసి పంపడానికి ఆయనకు మనస్కరించలేదు. లోపలికి పిలిచి, గాయాలు కడిగి, కట్టు కట్టి, కొన్నాళ్లు ఇంటనే ఉంచుకుని, ఆ పైన ఒప్పంద కూలీల కొరకున్న ప్రభుత్వ ఆస్పత్రికి పంపారు. ఆ నాటితో సేవ చేయాలన్న తపన మరింత పెరిగింది. పార్సీ రుస్తుంజీ అనే వర్తకుని ధర్మంతో నడిచే చిన్న ఆస్పత్రి ఒకటి ఉండేది. దానిని చూసుకునేవారు డాక్టర్ బూత్ అనే క్రైస్తవ వైద్యుడు. అక్కడ కాంపౌండరు పని చేయడానికి బారిస్టరు గాంధీ సిద్ధపడ్డారు. ఉదయం పూట తన కోర్టు పనిలో గంట రెండు గంటలు మిగుల్చుకుని రోగుల బాధలు అడిగి తెలుసుకోవడం, వాటిని వైద్యునికి విన్నవించడం, చీటీ ప్రకారం మందులు కలిపి ఇవ్వడం ఆయన నిత్యకృత్యమైంది.

ఆ రోగులెవరు? అధికభాగం ఒప్పంద కూలీలు. వారిలో తమిళులూ, ఉత్తరాది వారూ, మన తెలుగువారూ ఉన్నారు. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుండి మొదటి కూలీలను డర్బను రేవుకు చేర్చింది. అప్పటి నుండి విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు వంటి జిల్లాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు చెరకు తోటలకు తరలిపోయాయి. అయిదేళ్ల ఒప్పందానికి కట్టుబడిన బతుకు వారిది. ఆస్పత్రి బల్ల దగ్గర మందు సీసా అందుకునే చేతుల ద్వారా గాంధీజీ వారి కష్టాన్ని తెలుసుకున్నారు.

1899 అక్టోబరులో బ్రిటిషు వారికీ బోయర్లకూ యుద్ధం వచ్చింది. గాంధీజీ సానుభూతి బోయర్ల పక్షానే ఉన్నా, బ్రిటిషు ప్రజలుగా హక్కులు కోరుతున్న భారతీయులు ఆ రాజ్యం ఆపదలో ఉన్నప్పుడు తమ విధిని నిర్వర్తించాలని నిశ్చయించారు. ఆయుధం పట్టకుండా గాయపడిన వారిని మోసే దళంగా పనిచేస్తామని ముందుకు వచ్చారు. భారతీయులు పిరికివారు, లాభం తప్ప మరొకటి ఎరుగనివారు అని తెల్లవారు ఎగతాళి చేస్తున్న కాలమది. మొదటి విన్నపాన్ని ప్రభుత్వం తోసిపుచ్చింది. అయినా వారు ఊరకుండలేదు. డాక్టర్ బూత్ వద్ద గాయాలకు కట్టు కట్టడం, రోగిని కదలకుండా ఎత్తడం శ్రద్ధగా నేర్చుకుని, ఈ సేవకు తగినవారమని వైద్య ధ్రువపత్రాలు సంపాదించారు. పిలుపు రాకముందే విద్య నేర్చి ఉన్నందువల్లనే పిలుపు వచ్చిన నాడు వారు పనికి వచ్చారు.

యుద్ధం విషమించి ఓటములు వరుసగా ఎదురైనప్పుడు ప్రభుత్వానికి వారి అవసరం కలిగింది. సుమారు 1,100 మందితో దళం ఏర్పడింది. అందులో దాదాపు 300 మంది స్వతంత్ర భారతీయులు, మిగిలినవారు ఒప్పంద కూలీలు. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు ఒకే గుడారాల కింద పడుకున్నారు. వర్తకులు ధనమూ సామగ్రీ సమకూర్చారు. డాక్టర్ బూత్ కూడా వెంట నడిచారు.

1899 డిసెంబరు 15న కొలెన్సో వద్ద జరిగిన ఘోర పరాజయంలో వారి సేవ తొలిసారి పరీక్షకు గురైంది. ఆ పిమ్మట ప్రధాన సేనాని అయిన లార్డ్ రాబర్ట్స్ కుమారుడు లెఫ్టినెంట్ రాబర్ట్స్ ఆ పోరులో ప్రాణాంతకంగా గాయపడ్డాడు. ఆయన దేహాన్ని రణభూమి నుండి మోసుకొచ్చినవారు భారతీయులే. ఆ దారిలో ఒక చిన్న సంఘటన జరిగింది. ఎండ మండిపోతున్నది, అందరి నాలుకలూ పిడచగట్టుకుపోయాయి, కనిపించింది ఒక చిన్న సెలయేరు. తెల్ల సైనికులు ముందు తాగాలని వీరు ఆగారు. ముందు మీరే తాగాలని వారు పట్టుబట్టారు. మామూలు రోజులలో ఒకే కాలిబాట మీద నడవనివ్వని సమాజంలో, ఆ సెలయేటి ఒడ్డున మాత్రం కొద్దిసేపు మర్యాదలో పోటీ సాగింది.

1900 జనవరిలో స్పియన్ కాప్ కొండ మీద జరిగిన యుద్ధం ఇంకా భయంకరమైనది. తుపాకి గుండ్లు పడే పరిధిలోకి భారతీయులను పంపరాదని మొదట ఒప్పందం ఉండేది. నాడు సేనాని బుల్లర్, నిర్బంధం ఏమీ లేదనీ, వస్తే కృతజ్ఞుడననీ కబురు చేశాడు. వెనుకాడినవారు లేరు. జనరల్ వుడ్‌గేట్ వంటి అధికారులను, పేరు తెలియని సిపాయిలను ఒక్క తీరుగానే మోశారు. స్ట్రెచర్ మీద రోగితో రోజుకు ఇరవై, ఇరవై అయిదు మైళ్లు నడిచిన దినాలున్నాయి. బాట ఎగుడుదిగుడు. బోయీ కాలు తడబడితే విరిగిన ఎముక కదిలి రోగి ప్రాణం విలవిలలాడుతుంది. అడుగు కలిపి నడవడం, భుజం మార్చేటప్పుడు కుదుపు లేకుండా మార్చడం కూడా వైద్యంలో భాగమేనని ఆ దళం నేర్చుకున్నది.

ఆరు వారాల అనంతరం దళం రద్దయింది. పత్రికలు పొగిడాయి, సేనాని తన నివేదికలో ప్రశంసించాడు, నాయకులకు యుద్ధ పతకాలు లభించాయి. తోటల నుండి వచ్చిన వందలాది కూలీలు తిరిగి తోటలకే వెళ్లిపోయారు. వారి పేర్లు చరిత్రలో నిలవలేదు. లేడీస్మిత్ ముట్టడిలో చెట్టు మీద కూర్చుని, శత్రు ఫిరంగి మెరుపు కనబడినప్పుడల్లా గంట మోగించి ఊరిని హెచ్చరించిన ప్రభుసింగ్ అనే కూలీ ఒక్కడు మాత్రం గుర్తింపు పొందాడు. గాంధీజీ కథ చెప్పుకునేటప్పుడు ఆ స్ట్రెచర్ రెండవ కొసను పట్టుకున్న అనామకులను, అందులోని మన తెలుగు సోదరులను తలచుకోకపోతే ఆ కథ అసంపూర్ణమే.

అదే 1900 మే నెలలో మరొక అత్యవసర ఘడియ ఆయన ఇంటిలోనే వచ్చింది. కస్తూరిబాకు హఠాత్తుగా నొప్పులు ప్రారంభమైనాయి. వైద్యుడు అందుబాటులో లేడు, మంత్రసానిని తెచ్చే వ్యవధి లేదు. ప్రసూతి, శిశుపోషణ విషయాలను గ్రంథం ద్వారా ముందే చదివి ఉన్న గాంధీజీ తానే కాన్పు చేసి కుమారుడు దేవదాసుకు లోకాన్ని చూపించారు.

1904లో జొహాన్నెస్‌బర్గ్ బంగారు గనిలో పనిచేసే భారతీయులకు ఊపిరితిత్తుల ప్లేగు సోకింది. ఒక్కసారిగా ఇరవై ముగ్గురు పడిపోయారు. ఖాళీ ఇంటి తాళం పగులగొట్టి వారిని అందులో చేర్చగా, డాక్టర్ విలియం గాడ్‌ఫ్రే, గాంధీజీ, ఆయన కార్యాలయంలోని యువకులు రాత్రంతా మేలుకొని సేవ చేశారు. రోగులలో అత్యధికులు మరణించారు. పురపాలక సంఘం పంపిన నర్సు కూడా అదే వ్యాధికి బలి అయింది. ఎంత పరిశ్రమించినా ప్రాణం నిలవని సందర్భాలుంటాయన్న కఠిన సత్యాన్ని ఈ వృత్తిలో అడుగు పెట్టే ప్రతివారూ ఎరిగి ఉండాలి.

1906లో నేటాలులో జూలూల తిరుగుబాటు వచ్చింది. ఇరవై నలుగురితో గాంధీజీ మళ్లీ దళం కట్టారు. వారిలో నలుగురు గుజరాతీలు, ఒకరు పఠాన్, తక్కినవారంతా ఒప్పందం తీరిన దక్షిణ భారతీయులు. సామ్రాజ్యానికి సహాయమని బయలుదేరిన వారికి అక్కడ కనిపించినది వేరు. యుద్ధంలో గాయపడినవారు కాదు, కొరడా దెబ్బలతో ఒళ్లు చీలి, చీము పట్టినా పట్టించుకునేవారు లేని జూలూలు వారి చేతికి వచ్చారు. తెల్ల నర్సులు ముట్టడానికి ఇష్టపడని ఆ గాయాలను ఈ దళం కడిగి కట్టు కట్టింది. ఆ కాలంలో ఆఫ్రికన్లను గురించి గాంధీజీ రాసిన కొన్ని మాటలు చిన్నచూపుతో కూడినవని చరిత్రకారులు చూపుతున్నారు. అది దాచదగినది కాదు. అయితే ఆ గాయాల ముందు కూర్చున్న అనుభవం ఆయన మనస్సును కలచివేసింది. అది యుద్ధం కాదు, మనుషుల వేట అని ఆయన గ్రహించారు. ఆ సెప్టెంబరు 11న జొహాన్నెస్‌బర్గ్‌లోని నాటకశాలలో, అన్యాయపు శాసనానికి లొంగబోమని దేవుని సాక్షిగా ప్రమాణం చేయాలని సేఠ్ హాజీ హబీబ్ కోరినప్పుడు, సత్యాగ్రహం ఆవిర్భవించింది.

1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం ఆరంభమైన రోజులలో ఆయన లండను చేరారు. అక్కడ సుమారు 80 మంది భారతీయులతో మళ్లీ అంబులెన్సు దళం కూడగట్టారు. అనుభవం ఉన్నదని ఊరుకోక, నలభై అయిదవ ఏట విద్యార్థులతో కలసి డాక్టర్ కాంట్లీ వద్ద ఆరు వారాలు ప్రథమ చికిత్స పాఠాలు చదివారు. ఒక్కరు తప్ప అందరూ పరీక్షలో నెగ్గారు. సైనికుల కొరకు కత్తిరించిన బట్టలు తెచ్చి వారిచేత కుట్టించినవారు మన హైదరాబాదు నుండి వెళ్లిన సరోజినీ నాయుడు. తీవ్రమైన ఊపిరితిత్తుల పొర వాపుతో గాంధీజీ ఆ డిసెంబరులో స్వదేశానికి బయలుదేరవలసి వచ్చింది.

1920 ఆగస్టు 1న ఖిలాఫత్ విషయంలోనూ పంజాబు విషయంలోనూ జరిగిన అన్యాయానికి నిరసనగా ఆయన తన కైసర్-ఎ-హింద్ పతకాన్ని, బోయర్, జూలూ యుద్ధ పతకాలను వైస్రాయికి తిరిగి పంపివేశారు. పతకాలు పోయాయి, సేవ మిగిలింది. 1948 జనవరి 30న హంతకుని గుండ్లకు ఆయన నేలకొరిగే వరకు రోగి పక్కన కూర్చునే అలవాటు ఆయనను వీడలేదు.

ఇప్పుడు మళ్లీ మన తార్నాకకు వద్దాం. అక్కడి నుండి అంబులెన్సు చేరే గాంధీ ఆస్పత్రి సమీపంలోని పేట పేరు భోయిగూడ. ఆ పేరులోనే బోయీలున్నారు. పల్లకీ మోసినా, డోలీ మోసినా, స్ట్రెచర్ మోసినా భుజం ఒక్కటే. దాని మీద ఉన్నది తోటిమనిషి ప్రాణమైనప్పుడు ఆ పని చిన్నది కాజాలదు. ఉర్దూలో ఖిద్మత్ అన్నా, తెలుగులో సేవ అన్నా అర్థం అదే. బారిస్టరు చదువు గాంధీజీని ఆ పనికి దూరం చేయలేదు. నేర్చుకుని చేయడం, ఎవరి ఒళ్లని అడగకుండా చేయడం, పేరు దక్కకపోయినా చేయడం ఆయనా, ఆయన వెంట నడిచిన అనామకులూ మనకు చూపిన బాట. మన కళాశాల నుండి ఈ వృత్తిలో ప్రవేశించదలచిన విద్యార్థినీవిద్యార్థులు తలెత్తుకుని ఇంటి పెద్దలకు ఈ కథ చెప్పవచ్చును.