పట్టూ విడుపూ ఎరిగిన సాహసి – జార్జి బ్రౌన్

తొలకరి వానకు బురదలో దిగబడిన లారీని చూడని విద్యార్థి మన కళాశాలలో ఉండడనుకుంటాను. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కితే చక్రం అంత వేగంగా ఉన్నచోటనే గిరగిర తిరుగుతుంది. ఇంజను రంకెలు వేస్తుంది, బురద చిమ్ముతుంది, బండి మాత్రం జానెడు కదలదు. బలం లేక కాదు. ఉన్న బలాన్ని నేల అందుకోలేక. ఈ చిక్కుముడిని విప్పడానికే తన జీవితపు ఉత్తరార్ధమంతా వెచ్చించిన ఒక ఆంగ్లేయుని కథ ఇది. మోటారు సైకిలు పందేల లోకంలో ఆయనను బ్రిటిషు 'స్ప్రింటు' పరుగులకు పితామహునిగా పరిగణిస్తారు.

జార్జి బ్రౌన్ 1912లో నాటింగ్‌హామ్ నగరంలో జన్మించాడు. 1930ల నడుమ లండనుకు ఉత్తరాన ఉన్న స్టీవెనేజ్‌లో విన్సెంట్ మోటారు సైకిళ్ళ కర్మాగారంలో చేరాడు. అది చిన్న సంస్థ. యజమాని ఫిలిప్ విన్సెంట్, ఇంజనీరు ఫిల్ ఇర్వింగ్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు. వారు నిర్మించిన 998 ఘన సెంటీమీటర్ల జంట సిలిండర్ల ఇంజను ఆ కాలంలో ప్రపంచంలోని అత్యంత వేగవంతమైన వాటిలో ఒకటి. తయారైన బండిని రోడ్డు మీద నడిపి దాని గుణదోషాలు చెప్పడం బ్రౌన్ ఉద్యోగం. యంత్రం మాట్లాడే భాషను ఆయన అక్కడే నేర్చుకున్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధానంతరం, పరీక్షలో సరిగా నడవలేదని కర్మాగారంలో ఒక మూలన పడవేసిన బండిని జార్జి, ఆయన తమ్ముడు క్లిఫ్ చేరదీశారు. భాగాలు విప్పి, సానబట్టి, కూర్చి దానిని పందెపు గుర్రంగా మార్చారు. దాని పరుగు చూసిన ఒక పత్రికా రచయిత దానికి 'గంగాదీన్' అని పేరు పెట్టాడు. బొంబాయిలో పుట్టిన కిప్లింగ్ తన పద్యంలో చిత్రించిన భిస్తీ పేరది. తెల్ల సిపాయిల తిట్లూ దెబ్బలూ తింటూ, తూటాల నడుమ తోలుతిత్తితో నీళ్ళందించి ప్రాణం విడిచిన దీనుడు. ఇక్కడ ఒక చిన్న ముచ్చట చెప్పక తప్పదు. ఉర్దూలో భిస్తీ అనే మాటకు మూలం ఫారసీలోని 'బిహిష్త్', అనగా స్వర్గం. దప్పిక తీర్చేవాడు స్వర్గవాసి అని మన పెద్దల భావన. చౌసా యుద్ధంలో నదిలో మునిగిపోతున్న హుమాయూన్‌ను గట్టెక్కించినవాడు కూడా భిస్తీయే. ఎవరికీ అక్కరలేని బండి, చేరదీసినవారికి ఎంత చాకిరీ చేసిందో చూసి ఆ రచయిత ఆ పేరు ఎంచుకొని ఉంటే, అతనిది మంచి ఊహే. బ్లాక్ షాడో, బ్లాక్ లైట్నింగ్ అనే ప్రసిద్ధ నమూనాలకు మెరుగులు దిద్దింది ఈ గంగాదీన్ మీది ప్రయోగాలతోనే. 1948లో అమెరికాలోని బాన్‌విల్ ఉప్పునేల మీద రోలీ ఫ్రీ గంటకు 150 మైళ్ళ వేగం దాటిన విన్సెంట్ బండిని కూడా ఇంగ్లండులో ముందుగా నడిపి పరీక్షించి పంపినది బ్రౌనే.

అదే 1948లో మాన్ ద్వీపంలో జరిగిన ఒక పందెంలో ఆయన అందరికంటె ముందున్నాడు. చివరి చుట్టులో పెట్రోలు అయిపోయింది. దిగి, ఆ బరువైన బండిని చాలా దూరం తోసుకుంటూ వచ్చి, ఆరవ స్థానంలో గీత దాటాడు. ఆ మనిషి స్వభావం తెలియడానికి ఈ ఒక్క సంఘటన చాలు.

1951లో ఉద్యోగం వదిలి, తమ్మునితో కలిసి స్టీవెనేజ్‌లోనే మోటారు సైకిళ్ళ దుకాణం పెట్టుకున్నాడు. పిమ్మట అగ్నిప్రమాదంలో కాలిపోయిన ఒక విన్సెంట్ బండిని 5 పౌన్లకు కొన్నాడు. ఆ మసిబొగ్గు నుండి లేచిన కొత్త బండికి 'నీరో' అని నామకరణం చేశాడు. రోము తగులబడిన కాలంలో ఏలిన చక్రవర్తి పేరు! ఆంగ్లేయుల హాస్యం ఒక్కొక్కసారి ఇలా పొగచూరి ఉంటుంది.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది 1953. ఆ సంవత్సరం మాన్ ద్వీపపు సీనియర్ టి.టి. పందెంలో లెస్ గ్రాహం బ్రే హిల్ అనే వాలు దిగువన పడి మరణించాడు. గ్రాహం సామాన్యుడు కాడు. యుద్ధకాలంలో బాంబర్ విమానం నడిపి పతకం పొందినవాడు, 1949లో 500 సి.సి. తరగతిలో ప్రపంచ విజేత. ఆ వెనుకనే వస్తున్న బ్రౌన్ దారికడ్డంగా పడి ఉన్న శకలాలకు ఢీకొన్నాడు. ప్రాణంతో బయటపడ్డాడు గాని, ఆ తరువాత రోడ్డు పందేలకు స్వస్తి చెప్పాడు. అప్పటికి ఆయన వయస్సు నలభై ఒకటి. మరొకరైతే దుకాణం చూసుకుంటూ ఉండిపోయేవారు. బ్రౌన్ వేగాన్ని వదలలేదు, తోటివారితో పోటీని వదిలాడు. ఇక ఆయన ప్రత్యర్థి గడియారం ఒక్కటే. షెల్స్‌లీ వాల్ష్ కొండదారిలో, బ్రైటన్ సముద్రతీరపు వీథిలో, పాడుబడిన విమానాశ్రయాల సిమెంటు బాటల మీద నిలిచిన చోటనుండి బయలుదేరి పావు మైలో, కిలోమీటరో దూరాన్ని ఎన్ని సెకన్లలో దాటగలమన్నదే ప్రశ్న.

సులభంగా వినబడే ఈ ప్రశ్నలోనే అసలు భౌతికశాస్త్రం దాగి ఉన్నది. సైన్సు విద్యార్థులు కాగితం తీసుకొని లెక్క వేసి చూడవచ్చు. వెనుక టైరు నేలను పట్టే బలం బండీ మనిషీ కలిసిన బరువుకు సమానమనుకుందాం. అప్పుడు ఇంజను ఎంత గొప్పదైనా త్వరణం గురుత్వ త్వరణాన్ని మించదు. 402 మీటర్ల పావు మైలుకు తొమ్మిది సెకన్ల కంటె తక్కువ పట్టదు. అంతకు మించి శక్తి పెంచినా అది టైరును కాల్చి పొగ చేస్తుంది, అంతే. మెత్తని రబ్బరు, వెడల్పైన టైరు ఈ హద్దును కొంత వెనక్కి నెట్టగలవు. మరొక చిక్కు ఉన్నది. బండి ముందుకు ఉరికినప్పుడు బరువు వెనుక చక్రం మీదికి ఒరుగుతుంది. అది పట్టును పెంచే వరమే. కాని హద్దు మీరితే ముందు చక్రం గాలిలోకి లేచి నడిపేవానిని వెల్లకిలా పడవేస్తుంది. అందుకే ఈ బండ్లను పొడవుగా, నేలకు చేరువగా కడతారు.

1960ల ఆరంభంలో బ్రౌన్ 'సూపర్ నీరో'ను నిర్మించినప్పుడు ఈ చిక్కులన్నీ రెట్టింపయ్యాయి. దానికి షారాక్ రకం సూపర్‌చార్జరును అమర్చాడు. మామూలు ఇంజను తన ఊపిరి తానే పీల్చుకుంటుంది. సూపర్‌చార్జరు ఆ ఇంజను శక్తిలో కొంత తీసుకొని తిరుగుతూ, గాలీ ఇంధనాల మిశ్రమాన్ని వాతావరణ పీడనాన్ని మించిన ఒత్తిడితో సిలిండర్లలోకి కూరుతుంది. తీసుకున్న దానికంటె ఎన్నో రెట్లు తిరిగి ఇస్తుంది. ఆ వేడికి పిస్టన్లు కరగకుండా పెట్రోలుకు బదులు మిథనాల్ పోస్తారు. అది ఆవిరయ్యేటప్పుడు ఇంజనును చల్లబరుస్తుంది. అయితే పెట్రోలు కంటె రెట్టింపుకు పైగా ఖర్చవుతుంది.

ఇంతటి శక్తిని చేతిలో పెట్టుకొని గీత దగ్గర నిలిచినవానికి రక్ష ఎడమచేతి వేళ్ళ నడుమ ఉన్న క్లచ్చి మాత్రమే. ఒక్కసారిగా వదిలితే చక్రం ఉన్నచోటనే తిరిగి కాలం పోతుంది, లేదా ముందు చక్రం లేస్తుంది. పట్టి ఉంచితే క్లచ్చి మాడిపోతుంది. వెనుక చక్రం జారీ జారని ఆ అంచున బండిని నిలుపుతూ, కుడిచేతితో ఇంధనం పెంచుతూ పోవాలి. చక్రం పక్కకు తప్పుకుంటే తన శరీరపు బరువుతోనే దానిని దారికి తేవాలి. మన పెద్దలు సంసారానికీ రాయబారానికీ వాడిన పట్టువిడుపులనే మాట ఈ విద్యకు అక్షరాలా సరిపోతుంది. బ్రౌన్ గొప్పతనం ఇంజను కట్టడంలో ఎంత ఉన్నదో, ఆ రెండు మూడు సెకన్లలో అంతకు మించి ఉన్నదని నా అభిప్రాయం.

ప్రపంచ రికార్డుకు ఒక్క పరుగు చాలదు. అదే దారిలో ఎదురు దిశలోనూ పరుగెత్తి, రెండింటి సగటు చూపాలి. అనుకూలించిన గాలి తిరుగు పరుగులో ఎదురవుతుంది గనుక మోసానికి తావు లేదు. 1961లో బెడ్‌ఫర్డు సమీపాన థర్లీ విమానాశ్రయంలో నిలుచున్న చోటినుండి కిలోమీటరు రికార్డును ఆయన చేజిక్కించుకున్నాడు. తరువాత గ్రీన్‌హామ్ కామన్ బాటమీద సూపర్ నీరోతో మరికొన్ని సాధించాడు. దానికే పక్కబండి తగిలించి మూడు చక్రాల తరగతిలోనూ రికార్డులు నెలకొల్పాడు. ఇవన్నీ పెద్ద సంస్థ ఏదో ధనం గుమ్మరిస్తే జరిగినవి కావు. పగలు దుకాణంలో బేరం, రాత్రి దీపం కింద రెంచీ.

1967లో ఆయనకు 55 ఏళ్ళు నిండాయి. ఆ వయస్సు దాటినవారికి ప్రపంచ రికార్డుల ప్రయత్నం తగదని అప్పట్లో అంతర్జాతీయ సమాఖ్య నిబంధన ఉండేది. నిన్నటిదాకా రికార్డులు బద్దలు కొట్టిన చేతులు ఒక పుట్టినరోజుతో పనికిరానివయ్యాయని కాగితం తేల్చింది. ఆయన తగవులాడాడు, గాని ఊరక కూర్చోలేదు. స్వదేశపు రికార్డులకు ఆ అడ్డు లేదు కనుక తోలు దుస్తులు తొడుక్కొని మళ్ళీ గీత దగ్గరకు వచ్చాడు. వెంట్రుకలు నెరసిన ఆ మనిషి, కాలిన బండికి తమ్ముడనదగిన ఆ యంత్రం, పక్కన గడియారం పట్టుకున్న అధికారి: బ్రిటనులో ఆ తరం వారు మరికొన్నేళ్ళు ఆ దృశ్యం చూశారు.

జార్జి బ్రౌన్ 1979లో, అరవై ఏడవ ఏట మరణించాడు. పందెపు బాట మీద కాదు.