బ్రౌనుదొర పండితసభ

తాటియాకుపై గంటముతో వ్రాయు లేఖకుడు పదమునకు పదమునకు నడుమ ఎడమీయడు. ఒక పద్యము ముగిసి వేరొకటి మొదలైనను గుర్తింపరాదు. పురుగు తిన్నచోట తోచిన మాటను పెట్టును. తెలియని మాట వచ్చినచో తెలిసిన మాటగా మార్చును. ఇట్లు నకలునకు నకలు పుట్టి, నూరేండ్లలో ఒకే కావ్యము ఊరికొక రూపమును తాల్చును. పందొమ్మిదవ శతాబ్దారంభమున మన గ్రంథముల స్థితి ఇదియే. దీనిని చక్కదిద్ద బూనినవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను.

ఆయన 1798వ సంవత్సరము నవంబరు 10వ తేదీన కలకత్తాలో జన్మించెను. 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై చెన్నపట్టణము చేరునాటికి ఆయనకు తెలుగు రాదు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు ఓనమాలు దిద్దించెను. 1820లో కడపలో ఉద్యోగమున చేరెను. పిమ్మట మచిలీపట్టణమునకు మారెను. 1824లో డూబాయి అను ఫ్రెంచి మతగురువు వ్రాసిన గ్రంథమున వేమన ప్రసక్తి చూచి, ఆ పద్యముల ప్రతులకై నలుదెసల వెదకింపసాగెను.

ప్రతులు దొరకెను; వానితోడనే చిక్కును వచ్చెను. ఏ రెండు ప్రతులును ఒక్కతీరుగ లేవు. ఒకదాన నున్న పద్యము వేరొకదాన కానరాదు. ఉన్నను వరుస వేరు, మాటలు వేరు. పండితుల నడిగినచో ఎవరి పాఠము వారికి సాధువు. వ్యాకరణవేత్త ఒకటి మెచ్చును, ఛందస్సు నెరిగినవాడు మరొకటి మెచ్చును. పెద్ద పండితుడు చెప్పినదే ఖాయమనుకొన్న పని సులభముగ ముగియును. కాని మరియొక పెద్ద పండితుడు వచ్చిన దినముననే ఆ నిర్ణయము కూలును.

బ్రౌను కచ్చేరీలో న్యాయము విచారించినవాడు. సాక్షుల మాటలను ఎదురెదుర నిలిపి తూచుట ఆయనకు అలవాటు. ఆ పద్ధతినే ఇచ్చటను ప్రవేశపెట్టెను. మొదట అనేక ప్రతులను సేకరించి, వాని సాయమున కాగితముపై తేటయగు అక్షరములతో ఒక నకలు వ్రాయించెను. ఒక పుట విడిచి ఒక పుట వ్రాయించుచు నడిమి పుటలను ఖాళీగా ఉంచెను. ప్రతి పద్యమునకును, ప్రతి పాఠభేదమునకును సంఖ్య వేయించెను. పిమ్మట తెలుగునందు, సంస్కృతమునందు, ఛందస్సునందు ఆరితేరిన మువ్వురు పండితులను చేరి కూర్చుండజేసెను. ఒకరు తమ చేతి ప్రతినుండి పద్యమును పైకి చదువుదురు. తక్కిన ప్రతులలోని భేదములను వినిపింతురు. గణము తప్పినదా, సంధి కుదిరినదా, అర్థము పొసగినదా యని చర్చ జరుగును. వాదము ముగిసిన పిదప ఏ పాఠము నిలువవలెనో దొర నిర్ణయించును.

ఈ ఏర్పాటులో ఖాళీపుటయే మిక్కిలి మెచ్చదగినదని తోచుచున్నది. నేటి నిర్ణయమును రేపు మరల పరిశీలించుటకు అది చోటిచ్చెను. సంఖ్య పడిన పాఠము ఓడినను మాసిపోదు. అయినను బ్రౌను తీర్పులన్నియు నిలువలేదు. వేమన పేర చెల్లు పద్యములలో నిజముగ ఆయనవి ఎన్ని యను చర్చ నేటికిని తెగలేదు.

1829లో 693 వేమన పద్యములు ఆంగ్లానువాదముతో అచ్చయ్యెను. 1839 నాటి కూర్పున అవి 1164 అయ్యెను. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య మొదలగువారు ఆయనకు తోడ్పడిరి. కడపలోని ఆయన బంగళా పండితులతో, లేఖకులతో కళకళలాడుచుండుటచే జనులు దానిని బ్రౌను కాలేజి యనిరి. వారి జీతములు దొర చేతిసొమ్మునుండియే. అది చాలక ఆయన అప్పులు కూడ చేసెను.

నిఘంటువు విషయమున మరియొక చిక్కు కలిగెను. కావ్యములలోని మాటలే మాటలని పండితుల పట్టు. రైతులు, వర్తకులు పలుకు మాటలు లేనిచో ఆ నిఘంటువు కచ్చేరీలో అక్కరకు రాదని బ్రౌను తలంపు. 1852లో వెలువడిన ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువులో రెండు విధములైన మాటలును చేరినవి.

1855లో బ్రౌను ఇండియాను వీడి ఇంగ్లండు చేరెను. 1865లో లండను విశ్వవిద్యాలయమున తెలుగు ఆచార్యుడయ్యెను. 1884 డిసెంబరు 12న మరణించెను. ఆయన కూర్చిన వ్రాతప్రతులు చెన్నైలోని ప్రాచ్యలిఖిత గ్రంథాలయమున కలవు. కడపలో ఆయన బంగళా ఉండినచోట నేడు భాషాపరిశోధన కేంద్రము కలదు. అది యోగి వేమన విశ్వవిద్యాలయమునకు చెందినది.