ఫాక్సు టాల్బటు

చిత్రము గీయుట చేతగాని యొక పండితుని మూలమున ఛాయాచిత్రకళ వృద్ధిజెందెనన్న వింతగా దోచును. ఆ పండితుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ దెలుపుచున్నాము.

విలియం హెన్రీ ఫాక్సు టాల్బటు 1800 ఫిబ్రవరి 11వ తేదీన ఇంగ్లండులో జన్మించెను. కేంబ్రిడ్జిలో విద్య ముగించి, గణితశాస్త్రమున పేరుగాంచి, 1831లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. 1833లో భార్యతోగూడ ఇటలీదేశపు కోమో సరస్సు చెంత నుండగా, పట్టకముగల యొక పరికరము సాయమున ఆ దృశ్యమును గీయబూనెను. పట్టకము దృశ్యమును జూపెను గాని చేయి దానిని వ్రాయజాలదయ్యెను. పరికరమును తొలగింపగా కాగితముపై వంకరగీతలే మిగిలెను. అంతట ఆయన నిరాశచెందక, వెలుతురే తన చిత్రమును కాగితముపై వ్రాసికొనునట్లు చేయరాదా యని తలపోసెను.

లేకాకు గ్రామమునందలి తన గృహమున ఆయన పరిశోధనలు సాగించెను. కాగితమును ఉప్పునీట తడిపి ఆరవైచి, దానిపై సిల్వరు నైట్రేటు ద్రావణము పూసెను. అట్టి కాగితము వెలుగు సోకినచోట నల్లబడును. నీడ పడినచోట తెల్లగనే యుండును. 1835లో తన యింటి కిటికీ రూపమును ఇంచుమించు అంగుళమంత కాగితముపై పట్టెను. అందు తెలుపు నలుపుగను, నలుపు తెలుపుగను కానవచ్చెను. దీనినే నిగెటివు అందుము. దానిని వేఱొక పూతకాగితముపై నుంచి యెండకు పెట్టిన నిజరూపము వచ్చును. ఇట్లు ఒక్క నిగెటివునుండి పెక్కు ప్రతులు తీయవచ్చును.

అయినను ఆయన ఈ సంగతిని వెల్లడింపక జాగుచేసెను. 1839 జనవరిలో పారిసున డాగెరు కనుగొన్న విధానము ప్రకటింపబడగా, టాల్బటు త్వరపడి తన పనిని రాయల్ సొసైటీకి నివేదించెను. డాగెరు చిత్రము వెండిపూత రేకుపై మిక్కిలి స్ఫుటముగ నుండును గాని, ప్రతులు తీయుటకు నిగెటివు లేదు. చిత్రము చెడకుండ హైపోతో నిలుపవచ్చునని మిత్రుడగు జాన్ హెర్షెలు టాల్బటునకు తెలిపెను. 1840లో, మాచికాయలనుండి లభించు గాలిక్ ఆమ్లము సాయమున, కంటికి కానరాని చిత్రమును వెలికిదెచ్చు ఉపాయమును టాల్బటు కనుగొనెను. గంటకాలము పట్టు పని నిమిషములలో ముగియసాగెను.

ఆయన లోపమునుగూడ మేము దాపము. 1841లో పేటెంటు పొంది రుసుము కోరుటచే, ఇంగ్లండున ఆ కళ వ్యాప్తికి ఆటంకము కలిగెను. 1852లో ఆయన ఆ హక్కును చాలవఱకు వదలుకొనెను. గాజుపలకల నూతనవిధానము తన హక్కులోనిదేయని వాదించెను గాని, 1854లో న్యాయస్థానమున ఆ వాదము నిలువలేదు.

1877 సెప్టెంబరు 17వ తేదీన ఆయన కాలధర్మము నొందెను. నేటికిని నలుపుతెలుపు ఫిలిమును చీకటిగదిలో కడుగువారు కానరాని చిత్రమును వెలికిదెచ్చి, హైపోతో నిలిపి, నిగెటివునుండి ప్రతులు తీయుచున్నారు. బాలురారా! మీ చేతికి రాని పని యెదురైనపుడు, ఆ వంకరగీతలను జ్ఞప్తికి దెచ్చుకొనుడు.